తిండి సగమైనప్పుడు మందు పాత లెక్కలోనే ఉంటే

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీ నాన్నగారికి 58 ఏళ్ళు, షుగర్ వచ్చి 9 ఏళ్ళు. పొద్దున, రాత్రి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటారు. పొద్దున డాపాగ్లిఫ్లోజిన్ 10 ఒకటి. పడుకునే ముందు గ్లార్జిన్ ఇన్సులిన్ 18 యూనిట్లు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. పది రోజుల కిందట ఎవరినీ అడగకుండా రోజుకు 800 క్యాలరీల ఆహారం మొదలుపెట్టారు. మందుల్లో మాత్రం ఏ మార్పూ లేదు. 4 కిలోలు తగ్గారు, పరగడుపు షుగర్ 160ల నుంచి 88కి దిగింది. మొన్న పదకొండు గంటలకు చేతులు వణికి, చెమటలు పట్టి, మీటర్‌లో చూస్తే 61. తెలిసినాయన ఒకరు మందులన్నీ మానెయ్యమన్నారు. నాన్నగారేమో షుగర్ ఇంత బాగున్నప్పుడు మందు ఎందుకు కదిలించాలి అంటున్నారు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

ఇద్దరి మాటా వినొద్దు. ఇవాళ రాత్రి ఇన్సులిన్ వేసేలోపే ఆయన్ని చూసే డాక్టర్‌తో మాట్లాడండి. ఆయన దొరక్కపోతే అదే ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్‌తోనైనా మాట్లాడండి. ఏం చెప్పాలో చివర్లో రాశాను. మాట్లాడేదాకా ఆ 800 క్యాలరీల ఆహారాన్ని పక్కనపెట్టి, ఆయన ఎప్పుడూ తినేంత తిననివ్వండి. ఒకటి రెండు రోజులు డైట్ ఆగితే పోయేదేమీ లేదు. తగ్గించిన తిండిమీద పాత మోతాదు ఇంకొక్క రాత్రి పడితే మాత్రం నాకు భయమే.

ఎందుకో చెప్తాను. మేము మందు రాసేటప్పుడు రక్తపరీక్ష కాగితం ఒక్కటే చూసి రాయం. ఆ మనిషి రోజూ తినే తిండి కూడా ఆ లెక్కలో ఉంటుంది. 18 యూనిట్లు, రెండు పూటలా గ్లిమెపిరైడ్ అన్నవి కడుపునిండా తినే మీ నాన్నగారికి కుదిరిన లెక్క. ఆ తిండి సగమో అంతకన్నా తక్కువో అయిన రోజునుంచే అదే మోతాదు ఎక్కువ మోతాదు అయిపోయింది. ఆయన డబ్బాలోంచి తీసి వేసుకునేది మాత్రం అవే మాత్రలు కాబట్టి, తను ఏమీ మార్చలేదనే ఆయన అనుకుంటారు.

ఇందులో దాదాపు అందరూ పొరబడే చోటు ఒకటుంది. కాస్త బరువు తగ్గనీ, అప్పుడు మందు తగ్గించుకుందాం అనుకుంటారు. షుగర్ బరువు కోసం ఆగదు. పరగడుపు షుగర్‌ను చాలావరకు నిర్ణయించేది కాలేయం. రాత్రంతా మనం ఏమీ తినకపోయినా కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినదు కాబట్టి అవసరానికి మించి వదులుతుంది. తిండి బాగా తగ్గించగానే ఒంట్లో అన్నిటికన్నా ముందు కరిగేది ఆ కాలేయంలోని కొవ్వే. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో రాయ్ టేలర్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో 11 మందికి మందులు ఆపేసి రోజుకు 600 క్యాలరీల ఆహారం ఇచ్చారు. ఏడు రోజులు తిరిగేసరికి వాళ్ళ సగటు పరగడుపు షుగర్ 166 ప్రాంతం నుంచి 106 ప్రాంతానికి వచ్చేసింది. అదీ మందు లేకుండా. మందు లేకుండానే వారంలో అంత దిగితే, పైన ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ రెండూ ఉంటే ఎంత దాకా దిగుతుందో ఆలోచించండి. అందుకే నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చూసేది మొదటి వారాన్ని, రెండో వారాన్ని. తగ్గాల్సిన బరువు ఇంకా చాలా మిగిలి ఉండగానే షుగర్ దిగిపోతుంది.

ఇక మందుల సంగతి. తక్కువ తింటున్న మనిషి మందుల చీటీ చేతికొస్తే నేను ముందుగా చూసేది ఒక్కటే. ఇందులో తిండి లేకపోయినా షుగర్‌ను కిందికి తోసే మందు ఏది? అలాంటివి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఇన్సులిన్. రెండోది క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్ తెప్పించే గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ జాతి మాత్రలు. రక్తంలో షుగర్ ఎంతుందో ఈ మాత్రలు చూసుకోవు. 200 ఉన్నా ఇన్సులిన్ వదిలిస్తాయి, 80 ఉన్నా వదిలిస్తాయి. పైగా కొన్నిటి పని ఒక రోజంతా సాగుతుంది. పొద్దున వేసుకున్న మాత్ర ఆ రోజు రాత్రి నిద్రలో షుగర్ పడేయగలదు. మూత్రపిండాలు మందగించినవాళ్ళలో, వయసు మీద పడినవాళ్ళలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇంత తక్కువ ఆహారం మొదలుపెట్టే రోజునే గ్లిమెపిరైడ్ జాతి మాత్రను మామూలుగా ఆపేస్తాం. ఇన్సులిన్‌ను దాదాపు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించి, తర్వాత మీటర్ చూపే అంకెలను బట్టి ఇంకా దించుతూ వెళ్తాం. ఎంత తగ్గించాలన్నది మనిషిని చూసి తేల్చాల్సిన విషయం, మీ నాన్నగారి అంకె నేను ఇక్కడి నుంచి చెప్పకూడదు. పూటపూటకూ వేసే ఇన్సులిన్, రెండు రకాలు కలిపిన మిశ్రమ ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఇది ఇంకా చిక్కు. మిశ్రమంలో భోజనానికి ఉద్దేశించిన భాగం ఎలాగూ ఉంటుంది, పూట తప్పినా అది తన పని తాను చేసేస్తుంది. అలాంటివాళ్ళకు చాలాసార్లు ఇన్సులిన్ రకమే మార్చాల్సి వస్తుంది.

నా దగ్గరికి వచ్చే ఒకాయన సంగతి చెప్తాను. ఆయనా ఇలాగే ఆహారం తగ్గించుకున్నారు. గ్లిమెపిరైడ్ ఆపెయ్యమని ఫోన్‌లో చెప్పాను. ఆపేశానన్నారు. ఆరో రోజు తెల్లవారుజామున నాలుగింటికి వాళ్ళావిడకు మెలకువ వచ్చి చెయ్యి వేస్తే దిండు తడిసిపోయి ఉంది. పిలిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది. షుగర్ 47. ఆవిడ ధైర్యంగా గ్లూకోజ్ కలిపి తాగించి నిలబెట్టారు. పొద్దున మందుల సంచీ మొత్తం నా బల్లమీద బోర్లించారు. విడిగా ఉన్న గ్లిమెపిరైడ్ స్ట్రిప్ నిజంగానే అలాగే ఉంది, ఒక్కటీ వాడలేదు. పక్కనే మెట్‌ఫార్మిన్ అని ఆయన అనుకుంటున్న స్ట్రిప్ ఉంది. దాన్ని వెనక్కి తిప్పి, వెండిరేకు మీద చిన్న అక్షరాలు లైటు కిందకు పెట్టి చదివితే మెట్‌ఫార్మిన్ 500, దాని కింద గ్లిమెపిరైడ్ 2. తప్పు ఆయనది కాదు. ఆ రోజు ఫోన్‌లో స్ట్రిప్ వెనక రాసింది చదివించాల్సింది నేను, చదివించలేదు. అప్పటినుంచి ఎవరికైనా మందు ఆపమని చెప్పేముందు ప్రతి స్ట్రిప్ వెనకవైపు ఫొటో తీసి పంపమంటున్నాను.

మీ నాన్నగారిదీ అలాంటి కలిపిన మాత్రే. డాక్టర్ గ్లిమెపిరైడ్ ఆపమంటే దాంతోపాటు మెట్‌ఫార్మిన్ కూడా ఆగిపోతుంది. మెట్‌ఫార్మిన్ విడిగా కావాలా వద్దా అని అదే మాటలో అడిగేయండి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం చాలా అరుదు. అందుకే చాలామందికి దాన్ని కొనసాగిస్తాం. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిన రోజుల్లో మాత్రం ఆపాలి. మూత్రపిండాల పనితీరు బాగా పడిపోయినవాళ్ళకు అసలు పనికిరాదు. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకు బీ12 తగ్గుతుంది కాబట్టి తిండి కూడా తగ్గిస్తున్నప్పుడు ఒకసారి పరీక్ష చేయించడం మంచిది. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటివి షుగర్ పెరిగినప్పుడే పనిచేస్తాయి కాబట్టి వాటితో భయం తక్కువ. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కూడా అంతే, కాకపోతే అవి ఆకలిని చంపేస్తాయి. ఇన్సులిన్‌తోనో గ్లిమెపిరైడ్‌తోనో కలిసినప్పుడు తినే ఆ కాస్తా తినలేక షుగర్ పడిపోతుంది. అకార్బోస్, వోగ్లిబోస్ వాడేవాళ్ళు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. షుగర్ పడిపోయినప్పుడు వాళ్ళు పంచదార తింటే వెంటనే పనిచేయదు, ఎందుకంటే పంచదారను విడగొట్టే ఎంజైమునే ఆ మందు అడ్డుకుంటుంది. వాళ్ళ దగ్గర గ్లూకోజే ఉండాలి.

మీ నాన్నగారి చీటీలో గ్లిమెపిరైడ్ తర్వాత నన్ను కలవరపెట్టింది డాపాగ్లిఫ్లోజిన్. ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ కూడా ఇదే జాతి. ఇవి షుగర్‌ను మూత్రంలోకి పంపించేస్తాయి. మంచి మందులు, గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేసేవే. కానీ తిండి, అందులోనూ పిండిపదార్థం బాగా తగ్గించిన మనిషిలో శరీరం ఇప్పటికే కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేసుకుంటూ ఉంటుంది. ఈ మందు ఆ పనిని ఇంకా ముందుకు తోస్తుంది. అవి మితిమీరితే రక్తం ఆమ్లంగా మారుతుంది. దాన్నే కీటోఅసిడోసిస్ అంటాం, ప్రాణం మీదికి తెచ్చే స్థితి. మామూలుగా ఆ స్థితిలో షుగర్ 300, 400 ఉండి అందరినీ హెచ్చరిస్తుంది. ఈ మందు వాడేవాళ్ళలో షుగర్ 150, 180 చూపిస్తూనే అది రావచ్చు. మీటర్ చూసి అంతా బాగుందనుకుంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే దీని గురించి హెచ్చరిక జారీ చేసింది.

ఇక్కడే "అన్నీ మానెయ్" అన్న సలహా ఎంత ప్రమాదమో చూడండి. ఆ మాట విని సగం మాత్రమే పాటించేవాళ్ళు ఎక్కువ. సూది అంటే ఎవరికైనా విసుగే కాబట్టి ముందు ఇన్సులిన్ ఆపేస్తారు, మాత్రలేగా అని డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటూనే ఉంటారు. కీటోన్లకు కళ్ళెం వేసేది ఇన్సులిన్. కళ్ళెం తీసేసి కొరడా మాత్రం ఉంచినట్టవుతుంది. నాకు తెలిసి ఇంతకన్నా చెడ్డ కలయిక లేదు. మామూలుగా మేము చేసేది దీనికి తిరగేసి ఉంటుంది. ఇంత తక్కువ ఆహారం తీసుకునేవాళ్ళకు డాపాగ్లిఫ్లోజిన్ జాతిని ముందే ఆపేస్తాం, ఇన్సులిన్‌ను తగ్గిస్తూ వెళ్తాం. గుండె వైఫల్యానికో మూత్రపిండాల కోసమో ఆ మాత్ర ఇచ్చి ఉంటే మాత్రం ఆపడం మీ ఇష్టం మీద జరగకూడదు, ఆ డాక్టర్‌తో మాట్లాడే ఆపాలి. ఆపిన తర్వాత కూడా కనీసం రెండు మూడు రోజులు, కొందరిలో ఇంకా ఎక్కువ రోజులు దాని ప్రభావం ఉంటుంది. ఆ రోజుల్లో వికారం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసపడుతున్నట్టు లోతుగా ఊపిరి తీయడం, అంతుపట్టని నీరసం కనిపిస్తే షుగర్ ఎంతుందో చూసి ఊరుకోకండి. నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళి, ఈ మాత్ర పేరు చెప్పి, రక్తంలో కీటోన్లు చూడమనండి. పేరు చెప్పడం మర్చిపోవద్దు. మామూలుగా ఉన్న షుగర్‌ను చూసి అక్కడివాళ్ళు కూడా గ్యాస్ అనుకునే అవకాశం ఉంది.

బీపీ మాత్ర గురించి ఎవరూ అడగరు, మీరూ అడగలేదు. మొదటి వారంలో పోయే కిలోల్లో చాలా భాగం నీరే. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచిన గ్లూకోజ్ ఖర్చవుతుంటే దాంతోపాటు నీరూ ఉప్పూ బయటికి పోతాయి. అదే సమయంలో హైడ్రోక్లోరోథయజైడ్ నీటిని లాగుతుంది, డాపాగ్లిఫ్లోజిన్ కూడా లాగుతుంది. అందుకని మంచం మీంచి లేవగానే కళ్ళు తిరుగుతాయి, బాత్‌రూమ్‌లో పడతారు. కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ రెండు మూడు నిమిషాలకు ఒకసారి బీపీ చూడండి. నిలబడితే పై అంకె 20 కన్నా ఎక్కువ పడిపోతుంటే అది కూడా డాక్టర్‌కు చెప్పండి. మోకాళ్ళ నొప్పులకని నొప్పి మాత్రలు కూడా వేసుకుంటుంటే ఈ బీపీ మాత్రతో కలిసి మూత్రపిండాలకు దెబ్బ, కాబట్టి దాచకుండా చెప్పండి. బీపీకో గుండెకో ఇచ్చే బీటా బ్లాకర్ అనే రకం మందు వాడే చుట్టాలెవరైనా ఈ దారి పడితే వాళ్ళకు ఇంకో మాట. షుగర్ పడినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు ఆ మందు వల్ల సరిగా తెలియవు, చెమట మాత్రం పడుతుంది. దాన్ని తమంతట తాము హఠాత్తుగా ఆపకూడదు.

మందులన్నీ మొదటిరోజే ఆపేసిన పరిశోధన ఉందన్నది నిజమే, ఆ తెలిసినాయన ఎక్కడో విని ఉంటారు. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే అధ్యయనం అది. రోజుకు 825 నుంచి 853 క్యాలరీల పానీయాలతో మూడు నుంచి ఐదు నెలలు నడిపారు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మొదటిరోజే ఆపారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందు లేకుండా షుగర్ అదుపులో ఉంది, 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం. ఇది చదివినప్పుడు నాకూ ఎంతో ఆశ కలిగింది, ఇప్పటికీ ఉంది. అయితే అందులో చేర్చుకున్నవాళ్ళు షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళు. ఇన్సులిన్ వాడేవాళ్ళను అసలు తీసుకోలేదు. శిక్షణ పొందిన నర్సులు, డైటీషియన్లు క్రమం తప్పకుండా చూశారు. మీ నాన్నగారికి 9 ఏళ్ళు, పైగా ఇన్సులిన్ మీద ఉన్నారు. ఆయన క్లోమగ్రంథిలో ఎంత సత్తా మిగిలిందో సి-పెప్టైడ్ లాంటి పరీక్ష చేస్తే కొంత తెలుస్తుంది. సత్తా తక్కువగా ఉంటే ఎంత బరువు తగ్గినా కొద్దో గొప్పో ఇన్సులిన్ ఉండాల్సిందే. ఈ సంగతి ఆయనకు ముందే చెప్పడం నయం. లేకపోతే మందు పూర్తిగా పోలేదని కుంగిపోయి, సాధించింది కూడా వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్ళను చూశాను, చాలా బాధేస్తుంది.

మోతాదు మార్చాక మీటరే దారి చూపాలి. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటు, వారం వారం మోతాదు మార్చేటప్పుడు అది ఉపయోగపడదు. మొదటి రెండు వారాలు పరగడుపున, మధ్యాహ్నం తినేముందు, రాత్రి తినేముందు, పడుకునేముందు చూడండి. ఇన్సులిన్ మోతాదు మార్చిన మొదటి రెండు మూడు రాత్రులు తెల్లవారుజామున మూడింటికి కూడా ఒకసారి. అంకె పక్కన ఆ పూట తిన్నదీ వేసుకున్న మందూ రాయండి, ఉత్త అంకెలతో మాకు పని జరగదు. పరగడుపు షుగర్ 100 కన్నా తగ్గడం మొదలవగానే, 70 దాకా ఆగకుండా, ఇన్సులిన్ ఇంకా తగ్గించాలేమో అడగండి. ఇన్సులిన్ మీద ఉండి ఇంత తక్కువ తినే మనిషికి 88 అనేది మెచ్చుకోవాల్సిన అంకెగా నాకు కనిపించదు, ఇంకో మెట్టు దిగితే పడిపోయే అంచులా కనిపిస్తుంది. నాన్నగారికి ఇది నచ్చచెప్పడం కష్టమే. ఇన్నేళ్ళూ తక్కువ ఉంటే మంచిదని మేమే చెప్పాం కదా.

70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి. పెరగకపోతే ఇంకోసారి. పెరిగాక ఏదైనా తినాలి, లేకపోతే గ్లిమెపిరైడ్ మళ్ళీ కిందికి లాగుతుంది. డైట్ చెడుతుందని ఆ గ్లూకోజ్ దగ్గర లెక్కలు చూసుకునేవాళ్ళున్నారు, దయచేసి అది చేయనివ్వకండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి. వణుకు, ఆకలి, గాభరా ఉన్నా మీటర్ 110 చూపిస్తే కంగారు లేదు. చాలాకాలం ఎక్కువ షుగర్‌కు అలవాటుపడ్డ ఒళ్ళు మామూలు అంకెను కూడా తక్కువ అనుకుంటుంది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఈ ఆహారం మీద ఉన్నన్నాళ్ళూ మద్యం ముట్టొద్దు. కాలేయం గ్లూకోజ్ తయారుచేసే పనిని అది ఆపేస్తుంది.

కంటి పరీక్ష ఏడాదిగా చేయించకపోతే ఈ వారంలోనే చేయించండి. షుగర్ హఠాత్తుగా తగ్గినప్పుడు కంటి వెనక పొర అయిన రెటీనాకు అప్పటికే ఉన్న దెబ్బ ముందు కొంత ముదిరే అవకాశం ఉంది. వేగంగా బరువు తగ్గేవాళ్ళలో పిత్తాశయంలో రాళ్ళు కూడా వస్తాయి, కుడివైపు డొక్క కింద నొప్పి వస్తే అశ్రద్ధ చేయకండి.

మామూలు తిండికి తిరిగి వచ్చే దశలో చాలామంది ఇంటివాళ్ళు నిఘా వదిలేస్తారు. ఆ వారాల్లోనే షుగర్ మెల్లగా పైకి పాకుతుంది. తగ్గించిన మందుల్లో ఏదో ఒకటి మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే అది ఓటమి కాదని ఆయనకు ఇప్పుడే చెప్పి ఉంచండి. మందు లేకుండా మూడు నెలల తర్వాత కూడా హెచ్‌బీఏ1సీ 6.5 కన్నా తక్కువ ఉంటేనే షుగర్ ఉపశమించిందంటాం. అప్పుడు కూడా ఏడాదికోసారి కళ్ళు, పాదాలు, మూత్రపిండాల పరీక్షలు మానకూడదు.

ఇక ఫోన్‌లో డాక్టర్‌కు ఇలా చెప్పండి: "నాన్నగారు పది రోజులుగా రోజుకు 800 క్యాలరీలే తింటున్నారు, మందులు మార్చలేదు. 4 కిలోలు తగ్గారు. పరగడుపున 88, మొన్న పదకొండింటికి 61 వచ్చి చెమటలు పట్టాయి. గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా, డాపాగ్లిఫ్లోజిన్ 10, రాత్రి గ్లార్జిన్ 18 యూనిట్లు, బీపీకి నీళ్ళ మాత్ర కలిసినది వాడుతున్నారు. ఈ రాత్రి ఇన్సులిన్ ఎంత వెయ్యమంటారు? రేపు పొద్దున ఏ మాత్ర వెయ్యాలి, ఏది ఆపాలి? బీపీ మాత్ర అలాగే ఉంచాలా?" చెప్పింది కాగితం మీద రాసుకుని, ఫోన్ పెట్టేముందు ఆయనకు తిరిగి చదివి వినిపించండి.